బడి గ్రౌండ్ బాగుచేసుకోవడం: మళ్ళీ మళ్ళీ అడుగుతున్న డౌట్లు, జవాబులు

జూన్‌లో బడులు తెరిచే టైం వచ్చిందంటే ఇవే ప్రశ్నలు మొదలవుతాయి, టీచర్లు అడుగుతారు, కమిటీ వాళ్ళు అడుగుతారు, చదువుకున్న బడికి ఏదో ఒకటి చేద్దామనుకునే పాత స్టూడెంట్లు అమెరికా నుంచి కూడా అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టేశాం. ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ సర్కారు బడుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, ప్రైవేటు వాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళిపోండి.

## మొదలుపెట్టకముందు

దాత దొరికారండీ, ముందు జారుడుబల్ల, ఊయల కొనేద్దామా?

ఆగండి. డబ్బులు రాగానే అందరూ చేసే పని ఇదే, జారుడుబల్ల కొనడం, దానిమీద పేరు రాయించడం, రిబ్బన్ కట్ చేసి ఫోటో దిగడం. మార్చి చివరికొచ్చేసరికి ఆ రేకు మీద పిల్లలు కూర్చోలేరు, ఆగస్టులో దాని కింద మోకాలి లోతు కాకపోయినా చీలమండ లోతు నీళ్ళు నిలుస్తాయి. మా లెక్కలో వరస ఇది: ముందు నీడ, తర్వాత వాన నీళ్ళు బయటికి పోయే దారి, తర్వాత నేల చదును, అన్నిటికంటే చివర్లో ఆట వస్తువులు. దాతకి ఈ మాట చెప్తే మొహం కొంచెం మాడుతుంది నిజమే, మట్టి తోలించామని బోర్డు పెట్టుకోలేరు కదా. అయినా చెప్పండి.

మా బడికి నిజంగా ఏం కావాలో ఎలా తెలుసుకోవాలి?

ఇంటర్వెల్లో ఒక మూల నిలబడి ఊరికే చూడండి, ఎవర్నీ అదిలించకుండా. చేతిలో బడి స్కెచ్ ఒకటి పెట్టుకుని ఎవరు ఎక్కడ ఉంటున్నారో చుక్కలు పెట్టుకోండి. చాలా బడుల్లో కనిపించేది ఒకటే, మధ్యలో మొత్తం ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల క్రికెట్, గోడవారన చిన్నపిల్లలు బంతి తగులుతుందేమోనని తలలు వంచుకుని పోతుంటారు, ఆడపిల్లలు వంటగది మెట్ల మీదో సైకిల్ స్టాండ్ దగ్గరో గుంపుగా కూర్చుని ఉంటారు. వాళ్ళకి ఆటలంటే ఇష్టం లేదనుకుంటాం మనం, చోటే లేదు అసలు. వేరు వేరు టైముల్లో, అంటే ఎండప్పుడు, వాన వెలిసిన మర్నాడు, భోజనం తర్వాత చూస్తే నీడ ఎటు పడుతుందో నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో కూడా తెలుస్తుంది. తర్వాత పిల్లలకే కాగితాలిచ్చి "మీకు భయం వేసే చోటు, ఇష్టమైన చోటు" గుర్తుపెట్టమనండి. టాయిలెట్ల వెనక సందు, తుప్పల పక్కనున్న పాత గది లాంటివి ఖచ్చితంగా వస్తాయి అందులో.

మాది ప్రైమరీ స్కూల్, గట్టిగా 10 సెంట్లు కూడా లేదు. అందులో ఏం వస్తుంది?

10 సెంట్లంటే 484 గజాలు, బిల్డింగ్ పోగా సగం మిగిలినా ఐదో తరగతిలోపు పిల్లలకి చాలా చేయొచ్చు. తొక్కుడు బిళ్ల, నాలుగు స్తంభాలాట, ఏడు పెంకులాట వీటికి పెద్ద గ్రౌండ్ అక్కర్లేదు. వరండా గచ్చు మీద అష్టాచమ్మా గళ్ళు, వామనగుంటలు పర్మనెంట్ పెయింట్‌తో వేయించండి, గోడకి కింద నాలుగు అడుగులు నల్లరంగు వేస్తే చాక్‌పీస్‌తో గీసుకునే చోటు తయారు. క్లాసులన్నీ ఒకేసారి వదలకుండా ఇంటర్వెల్ రెండు విడతలు చేస్తే ఉన్న స్థలమే రెట్టింపు అయినట్టు ఉంటుంది, పైసా ఖర్చు లేదు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో నడిచే సిటీ స్కూళ్ళు దగ్గర్లో మున్సిపల్ పార్కు ఉంటే ఉదయం పూట వాడుకోవడానికి రాతపూర్వకంగా అడగాలి. టెర్రస్ మీద ఆటలు మాత్రం పిట్టగోడ ఎత్తు, గ్రిల్ చూసుకోకుండా వద్దు.

గ్రౌండ్ హద్దులు ఎక్కడిదాకానో మాకే తెలీదు, పక్కవాళ్ళు కొంచెం కొంచెం జరుపుకుంటూ వస్తున్నారు.

ముందు సర్వే. మండల సర్వేయర్‌తో కొలిపించి హద్దురాళ్ళు వేయించమని హెడ్మాస్టర్ పేరుతో తహసీల్దార్‌కి అర్జీ పెట్టండి, కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి. పాత బడులు చాలా వరకు ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన స్థలంలో ఉంటాయి, రిజిస్ట్రేషన్ అయి ఉండదు, ఇచ్చినాయన బతికుండగానో లేదా ఆయన పిల్లలు మనతో మంచిగా ఉన్నప్పుడో కాగితం చేయించుకోవాలి. హద్దు తేలకుండా ప్రహరీ కట్టినా, చెట్లు పెట్టినా గొడవే.

## డబ్బులు, పర్మిషన్లు

బడికి గ్రౌండ్ ఉండాలని రూల్ ఏమైనా ఉందా, లేక మనం అడుక్కోవాలా?

రూల్ ఉంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం, ప్రహరీ లేదా ఫెన్సింగ్, తాగునీరు, మగపిల్లలకి ఆడపిల్లలకి వేరు వేరు టాయిలెట్లు రాసే ఉన్నాయి, ప్రతి క్లాసుకీ ఆట సామాన్లు ఇవ్వాలని కూడా ఉంది. ఆంధ్రాలో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు మన బడి వల్ల గోడలు, టాయిలెట్లు, పెయింట్లు చాలా చోట్ల వచ్చాయి, బయట ఖాళీ స్థలం మాత్రం ఎక్కువ చోట్ల ఎలా ఉన్నది అలానే ఉండిపోయింది. అర్జీ రాసేటప్పుడు "దయచేసి" అని నాలుగుసార్లు రాసే బదులు షెడ్యూల్ పేరు ఒక్కసారి రాయండి.

స్కూల్ గ్రాంట్‌లో ఎంతవరకు వాడొచ్చు?

కేంద్రం పథకం సమగ్ర శిక్ష గైడ్‌లైన్స్ ప్రకారం కాంపోజిట్ గ్రాంట్, అంటే బడి ఖర్చులకి ఏటా ఇచ్చే డబ్బు, పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది, 30 మంది దాకా 10,000, 100 దాకా 25,000, 250 దాకా 50,000, 1000 దాకా 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం 10 శాతం శుభ్రతకి. స్పోర్ట్స్ గ్రాంట్ విడిగా, ప్రైమరీకి 5,000, అప్పర్ ప్రైమరీకి 10,000, హైస్కూల్‌కి 25,000 వరకు. కాగితం మీద ఇది. చేతికి వచ్చేసరికి విడతలుగా, ఒక్కోసారి మార్చి నెలాఖర్లో వస్తుంది, వారంలో బిల్లులు పెట్టమంటారు, అప్పుడు కంగారులో ఏవో రెండు వాలీబాల్స్, ఒక క్యారమ్ బోర్డు కొనేసి అయిపోయిందనిపిస్తారు. అందుకే లిస్టు, కొటేషన్లు ముందే రెడీగా పెట్టుకోండి.

మట్టి తోలడం, మొక్కలు లాంటివి పంచాయతీ నుంచి చేయించుకోవచ్చా?

అడగండి తప్పకుండా. చాలా ఊళ్ళలో బడిలో మొక్కలు నాటడం, ఇంకుడు గుంతలు, గ్రౌండ్ చదును లాంటివి ఉపాధి హామీ కింద జరిగాయి, ప్రస్తుతం ఏ పనులు ఒప్పుకుంటున్నారో పంచాయతీ సెక్రటరీకి తెలుస్తుంది. తెలంగాణలో పంచాయతీ నర్సరీల్లో మొక్కలు ఉచితంగానే దొరుకుతాయి, కాకపోతే ఏం ఉంటే అవే ఇస్తారు, ఏం కావాలో ముందే చెప్పి పెట్టుకోవాలి. ట్రాక్టర్ మట్టికి ఊళ్ళో చెరువు పూడిక తీస్తున్నప్పుడు అడిగితే చౌక, మొక్కల గుంతల్లోకి అది బంగారం. ఆడుకునే చోట మాత్రం చెరువు మట్టి పోయొద్దు, తడిస్తే జారుడే.

కమిటీ తీర్మానం అవసరమా? మేమే చేసుకుపోతే పోలా?

అవసరం. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో చట్టం ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, బడి అభివృద్ధి ప్లాన్ రాయాల్సింది కూడా వాళ్ళే. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పనులు నడిచాయి కాబట్టి అక్కడ మహిళా సంఘం వాళ్ళని కూడా కూర్చోబెట్టండి. ఎండిపోయిన చెట్టు కొమ్మ కొట్టినా, పాత గది ఇటుకలు వాడుకున్నా రేపు ఎవరో ఒకరు అడుగుతారు, మినిట్స్ బుక్‌లో నాలుగు లైన్లు ఉంటే గొడవ ఉండదు.

## నేల, నీళ్ళు, నీడ

మాది నల్లరేగడి, వాన పడితే రెండు రోజులు గ్రౌండ్‌లోకి అడుగుపెట్టలేం. సీసీ (సిమెంట్ కాంక్రీట్) వేయించేద్దామా?

సీసీ వద్దు, పార్కింగ్ టైల్స్ కూడా వద్దు, ఆడుకునే చోట. ఎండకి పెనంలా కాలుతుంది, పడితే మోకాళ్ళు చెక్కుకుపోతాయి, నీళ్ళు భూమిలోకి ఇంకవు. నల్లరేగడి మీద మొరం ఆరు అంగుళాలు పోయించి, తడిపి, రోలర్ తిప్పించండి. చదును అంటే బల్లపరుపు అనుకుంటారు, కాదు, 100 అడుగులకి ఒక అడుగు వాలు ఉండాలి, వాలు చివర కాలవ లేదా ఇంకుడు గుంత. రోలర్ వచ్చిన రోజు ఒకరు దగ్గరుండి దారం కట్టి చూసుకోండి, లేకపోతే గేటు వైపు వాలు పెట్టి పోతారు, నీళ్ళన్నీ పిల్లలు నడిచే దారిలోకే. గేటు నుంచి వరండా దాకా, టాయిలెట్ల దాకా మాత్రం గచ్చు బాట వేయించుకోవచ్చు.

తొందరగా నీడ రావాలంటే ఏ చెట్లు పెట్టాలి?

కానుగ. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, నాలుగైదేళ్ళలో కింద క్లాసు పెట్టుకునేంత నీడ ఇస్తుంది, ఆకు రాల్చినా వెంటనే చిగురేస్తుంది. కోస్తాలో అయితే బాదం బాగా వస్తుంది, కొమ్మలు అడ్డంగా గొడుగులా పరుచుకుంటాయి, కాయలు కొట్టుకు తినడం పిల్లలకి ఎలాగూ పని. వేప, నేరేడు, పొగడ, చింత నెమ్మదిగా ఎదుగుతాయి కానీ తరాలు ఉంటాయి, రెండు రకాలూ కలిపి పెట్టండి. అన్నీ వేపలే పెట్టడం కూడా మంచిది కాదు, ఈమధ్య తెలంగాణలో వేప కొమ్మలు ఎండిపోయే తెగులు చూశాం కదా. తురాయి అందరికీ ఇష్టం, కానీ అది విరగబూసేది మే నెలలో, చూడ్డానికి బడిలో ఎవరూ ఉండరు, పైగా గాలివానకి కొమ్మలు విరుగుతాయి. కోనోకార్పస్ అసలు పెట్టొద్దు. రావి, మర్రి పెడితే గోడలకి కనీసం 50 అడుగుల దూరం. ఆట జరిగే చోటుకి పడమర, నైరుతి వైపు చెట్లు ఉంటే మధ్యాహ్నం తర్వాత పిల్లలకి నీడ దొరుకుతుంది. చెట్లు ఎదిగేదాకా షేడ్ నెట్ కట్టుకోండి, గాలివానల సీజన్లో విప్పేయాలి దాన్ని.

ప్రతి ఏడూ నాటుతున్నాం, ప్రతి ఏడూ చస్తున్నాయి. ఎందుకు?

వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తే మళ్ళీ జూన్ 12 దాకా నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు, ఏడు వారాలు ఆ ఎండలో ఏ మొక్కైనా పోతుంది. జూన్ చివర, జూలైలో వానలు పడ్డాక నాటితే సెలవుల నాటికి కొంచెం వేళ్ళు దిగుతాయి. గుంత రెండడుగుల పొడుగు, వెడల్పు, లోతు తీసి, మొక్క మొదట్లో ఎండుగడ్డి లేదా కొబ్బరి పీచు దట్టంగా కప్పాలి. ఎన్ని నాటాలనేది వేసవిలో ఎన్నిటికి నీళ్ళు పోయగలమో దాన్ని బట్టి నిర్ణయించుకోండి, ఫోటో కోసం 200 నాటే బదులు 12 నాటి 12 బతికించుకోవచ్చు. బడి పక్క ఇంటివాళ్ళతో మాట్లాడి నెలకింత అని ఇచ్చి వారానికి రెండుసార్లు నీళ్ళు పోయించడం మేం చూసిన వాటిలో బాగా పనిచేసిన పద్ధతి. ఆ డబ్బులు నాటే రోజే పక్కన పెట్టేయాలి.

పిల్లలకి ప్రమాదమైన మొక్కలు ఏవి?

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం. వీటిలో అడవి ఆముదం గింజలతో జాగ్రత్త మరీ ఎక్కువ, పప్పు తియ్యగా ఉంటుంది, ఒకడు తిని బాగుందంటే పదిమంది తింటారు, గంటలో వాంతులు, అందర్నీ ఆసుపత్రికి. కంచెగా వేసి ఉంటే కాయ రాకముందే తీసేయించండి. జిల్లేడు పాలు కంట్లో పడితే నీళ్ళతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి. వయ్యారిభామ పూతకి రాకముందే చేతికి కవర్లు తొడుక్కుని పీకాలి, పెద్దవాళ్ళే, పిల్లలతో కాదు. మునగచెట్టు మంచిదే కానీ కిటికీ పక్కన వద్దు, వానాకాలం గొంగళి పురుగులు పట్టి దురదలు.

చేతులు కడిగిన నీళ్ళు, కంచాలు కడిగిన నీళ్ళు మొక్కలకి వాడొచ్చా?

వాడొచ్చు. పిల్లకి లీటరున్నర వేసుకున్నా 100 మందికి రోజూ 150 లీటర్లు, ఇప్పుడవన్నీ కుళాయి దగ్గర బురదవుతున్నాయి. మెతుకులు ఆగడానికి జల్లెడ, తర్వాత కంకర, ఇసుక నింపిన చిన్న గుంత, అక్కడి నుంచి కాలవ తీసి అరటి, కొబ్బరి, నీడచెట్ల మొదళ్ళకి. ఆకుకూరలకి మాత్రం మంచినీళ్ళే.

కూరల మడి పెట్టాం, కోతులు మిగలనివ్వట్లేదు.

దీనికి గ్యారంటీ మందు ఎవరి దగ్గరా లేదు. కాయలు కనిపించేవి మానేసి గోంగూర, తోటకూర, పుదీనా, కరివేపాకు, చేమ మీద ఉండండి, నష్టం కొంచెం తక్కువ. చిన్న మడి అయితే పైన కూడా వల మూసేయొచ్చు. తోటకూర నెలలోపే కోతకొస్తుంది కాబట్టి పిల్లలకి ఓపిక పోదు, కోసిన రోజు పప్పులో వేయించి ఎవరి మడిదో చెప్పండి, ఆరోజు కంచంలో ఒక్కడు కూడా ఆకు ఏరి పక్కన పెట్టడు.

## ఆటలు, వస్తువులు

ఊయల, జారుడుబల్ల పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

కింద ఇసుక, చుట్టూ ఖాళీ. వస్తువు చుట్టూ ఆరడుగులు ఏమీ ఉండకూడదు, ఊయలకైతే ముందూ వెనకా దాని ఎత్తుకి రెట్టింపు. ఇసుక అడుగు మందాన ఉండాలి, పిల్లలు దిగే చోట గుంత పడుతూనే ఉంటుంది, వారానికోసారి లాగి సరిచేయాలి, గాజుపెంకులు, కుక్కల మలం అప్పుడే కనిపిస్తాయి. రేకు జారుడుబల్ల ఉత్తరం వైపుకి తిప్పి లేదా చెట్టు నీడలో పెట్టండి. కరెంటు తీగల కింద ఏదీ వద్దు. పాత బోరు గుంత, మూతలేని సంప్ ఉంటే గ్రౌండ్ పని మొదలుపెట్టే ముందు అవి మూయించాలి, ఈ ఒక్క విషయంలో రేపు అనుకోవడం లేదు.

పాత టైర్లతో చేస్తే చౌక కదా?

చౌకే, పిల్లలకి ఇష్టం కూడా. లోపలి తీగలు బయటికి పొడుచుకొచ్చిన టైర్లు తీసుకోవద్దు, ప్రతి టైరుకీ అడుగున మూడు నాలుగు రంధ్రాలు డ్రిల్ చేయించండి, లేకపోతే నీళ్ళు నిలిచి డెంగీ దోమలకి మనమే ఇల్లు కట్టినట్టు. నేలలో సగం పాతినవి గట్టిగా ఉంటాయి. టైర్లే కాదు, తాటి దుంగలు, వెదురు, తాళ్ళు, ఇసుక, పాత గిన్నెలు ఇవి పిల్లల చేతికిస్తే జారుడుబల్ల కంటే ఎక్కువసేపు ఆడతారు.

క్రికెట్ వాళ్ళు మొత్తం ఆక్రమిస్తున్నారు, ఆడపిల్లలకి చోటు ఎలా?

గీత గీసేయాలి, బతిమాలితే కాదు. కబడ్డీకి 13 మీటర్లు బై 10, అమ్మాయిలకి 12 బై 8, ఖోఖోకి 27 బై 16, వాలీబాల్‌కి 18 బై 9, ఇవి సున్నంతో వేసి వారంలో రెండు మూడు రోజులు మధ్య భాగం ఆడపిల్లలదని టైంటేబుల్లోనే రాసేయండి. ఒక టీచర్ అక్కడ నిలబడాలి మొదట్లో. చిన్న తరగతులకి బంతి రాని మూల ఒకటి విడిగా.

నడవలేని పిల్లాడు ఉన్నాడు, అతను రోజూ వరండాలోనే కూర్చుంటున్నాడు.

గేటు నుంచి చెట్టు కిందికి గట్టి బాట, మెట్లున్న చోట 1:12 వాలులో ర్యాంపు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఇసుకని బల్ల ఎత్తులో తొట్టిలో పోస్తే వీల్‌చెయిర్ కిందికి దూరుతుంది, మొక్కల మడి కూడా అలాగే కట్టొచ్చు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్లు ఉంటారు, వాళ్ళని పిలిపించి ఆ పిల్లాడితో కలిసి గ్రౌండ్ అంతా ఒకసారి తిరగమనండి.

బిడ్డ పడి చెయ్యి విరిగితే మమ్మల్నే కదా అంటారు?

అంటారు, కొందరు. అందుకని ఆటలే ఆపేస్తే వాళ్ళు గోడలెక్కి దూకుతారు, అది ఇంకా ప్రమాదం. నెలకోసారి బోల్టులు, తాళ్ళు, వెల్డింగులు చూసి రిజిస్టర్లో తేదీతో రాయండి, ఇంటర్వెల్ డ్యూటీ ఎవరిదో రాసి పెట్టండి, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి. పేరెంట్స్ మీటింగ్‌లో ముందే చూపిస్తే సగం కోపాలు అక్కడే పోతాయి. తుప్పలు, ఇటుకల గుట్టలు, కట్టెల మోపులు తీసేయండి, పాములు చేరేది అక్కడే, పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా కదలనివ్వకుండా 108.

## బయట పాఠాలు

బయటికి తీసుకెళ్తే సిలబస్ ఎలా అవుతుంది?

సిలబస్సే బయట చేయండి. వైశాల్యం పాఠం టేపుతో గ్రౌండ్ కొలిచి చెప్తే రెండు పీరియడ్లు మిగులుతాయి. సీసా కోసి వర్షమాపకం చేస్తే, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటర్ వాన ఒక లీటరు నీళ్ళు, మన 100 చదరపు మీటర్ల స్లాబు మీద నిన్న 20 మిల్లీమీటర్లు పడితే ఎన్ని లీటర్లు అని అడగండి, 2000 అని వాళ్ళే చెప్తారు, ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయి అని కూడా వాళ్ళే అడుగుతారు. కర్ర పాతి నీడ గుర్తులు పెట్టించండి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చి హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తాయి, ఒకటి సెలవుల్లో, రెండోది మబ్బుల్లో, అయినా పదిహేను నిమిషాలు మబ్బు విడితే చాలు. కొత్త విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతులకి పది రోజులు బ్యాగ్ లేకుండా అని ఉంది, ఆ రోజుల్ని గ్రౌండ్‌లో గడపండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో ఎండిన లోయనే పచ్చగా చేసుకుని ఆ చెట్లు, పిట్టలతోనే చదువు నడిపారు, 1991లో ఆ ప్రాంతాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు.

40 మందిని బయటికి తీస్తే అందరూ పరిగెత్తి పోతారు సార్.

మొదటి మూడు నాలుగు సార్లు పోతారు. తీసుకెళ్ళే ముందే లోపల పని చెప్పాలి, ఐదుగురికో గుంపు, గుంపుకో పని, 20 నిమిషాలు, విజిల్ వేస్తే చెట్టు కిందికి. కూర్చోబెట్టేటప్పుడు ఎండ వాళ్ళ వీపు వైపు ఉండాలి, మన కళ్ళలో పడినా ఫర్వాలేదు. మైకులు, గుడి పాటలు ఉన్న రోజు మానుకోండి.

ఆటలకి టైం ఇస్తే చదువు పోతుందని తల్లిదండ్రులే అంటున్నారు.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది పట్టించుకోని పేరెంట్‌కి కళ్ళద్దాల మాట చెప్పండి, పగటి వెలుతురులో ఎక్కువసేపు ఉన్న పిల్లలకి దూరపు చూపు తగ్గడం నెమ్మదిస్తుందని పరిశోధనలు ఉన్నాయి, తైవాన్‌లో 2010 నుంచి బడుల్లో రోజుకి రెండు గంటలు బయట ఉంచే ప్రోగ్రామే నడుపుతున్నారు. మార్చి 15 తర్వాత ఒంటిపూట బడుల్లో ఆటలు పొద్దున్నే, తొమ్మిదిన్నర లోపు అయిపోవాలి.

## తర్వాత కాపాడుకోవడం

సాయంత్రం బయటివాళ్ళు వస్తున్నారు, పొద్దున్నే బీరు సీసాలు ఏరుకోవాల్సి వస్తోంది.

గేటుకి తాళం ఒక్కటే వేస్తే గోడ దూకి వస్తారు. ఊళ్ళో కుర్రాళ్ళకి వాలీబాల్ కోర్టు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఇచ్చి, లైటు పెట్టించి, శుభ్రం వాళ్ళ బాధ్యత అని రాయించుకున్న చోట తాగేవాళ్ళు తగ్గారు, వెలుతురు ఉంటే కూర్చోరు కదా. వడ్లు ఆరబోయడం, పెళ్ళి భోజనాలు, వినాయకుడి పందిరి వీటికి ఇవ్వాలా వద్దా అనేది కమిటీ ముందే తేల్చుకోవాలి, ఇస్తే డిపాజిట్ తీసుకోండి. పందిరి గుంజల గుంతలు పూడ్చాకే డిపాజిట్ వెనక్కి.

కొత్త హెడ్మాస్టర్ వచ్చి ఇవన్నీ పీకేయమంటున్నారు.

ట్రాన్స్‌ఫర్లు ఉన్నంతకాలం ఇది తప్పదు. ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్లో, ప్రతి చెట్టూ నంబరుతో ఒక లిస్టులో ఎక్కి ఉంటే, తీసేయాలంటే మళ్ళీ కమిటీ తీర్మానం కావాలి, ఆ ఒక్క అడ్డం చాలాసార్లు సరిపోతుంది. వచ్చినాయనకి మొదటి వారంలోనే ఏడో తరగతి పిల్లల చేత గ్రౌండ్ చూపించండి, కమిటీ వాళ్ళు వెనకే ఉండండి, మాట్లాడకుండా. అప్పటికీ వినకపోతే ఏది అడ్డంగా ఉందో అడగండి, ఒక్కోసారి అసలు కారణం కారు పెట్టుకునే చోటే అయి ఉంటుంది.